కలకండ పనిచేస్తుందా?

దస్తగిరి గుట్టెక్కి వచ్చేసరికి కాశీం తాత ఒక మేకపిల్ల కాలికి కట్టు కడుతున్నాడు. దస్తగిరి సలాం చేసి పక్కన నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది. అన్నం సయించక కొన్నాళ్లయిందని చూస్తేనే తెలుస్తోంది.

"ఏమబ్బా, ఏటి అవతల పిల్లోళ్లంతా గలగలా మాట్లాడ్తాండారా?" అన్నాడు తాత తలెత్తకుండానే.

"ఒక్కరూ నోరు విప్పలేదు తాతా."

ఈ గుట్ట సంగతి తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. లేకపోతే దస్తగిరి బాధ అర్థం కాదు.

గుట్ట మీద ఒక చిన్న దర్గా, దాని పక్కన ఒక కొట్టం, కొట్టంలో కాశీం తాత. ఆయన ఫకీరు. మాట్లాడే ఈడొచ్చినా మాటలు రాని పిల్లల్ని తల్లులు పొద్దున్నే ఆయన దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు. హిందువులూ వచ్చేవాళ్లు, తురకలూ వచ్చేవాళ్లు. తాత పిల్ల నాలుక మీద కలకండ ముక్క పెట్టి పంపేవాడు. మంత్రం లేదు, తాయెత్తు లేదు. ఒక్క కట్టుబాటు మాత్రం ఉండేది. గుట్ట ఎక్కేటప్పుడు దారిలో కనిపించినదాన్నల్లా తల్లి పిల్లకు పేరు పెట్టి చెప్పాలి. నోరు మూసుకుని వచ్చిన తల్లిని తాత మళ్లీ కిందికి పంపేవాడు, మళ్లీ ఎక్కి రమ్మనేవాడు. అలా మాటలొచ్చేదాకా రోజూ ఎక్కాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. చెప్పుల్లేకుండా రావడం ఎట్లాగో ఇదీ అట్లాగే, మొక్కులో ఒక భాగం అనుకున్నారు.

దస్తగిరి తాత శిష్యుడు. అంతకు ముందు ఒక హకీము దగ్గర వైద్యం చదువుకున్నాడు. మంచివాడే, కానీ చదువుకున్నవాడు. ఏటి అవతల ఊరిపెద్దలు వచ్చి, "మీ కలకండ నిజంగా పనిచేస్తుందా? చేస్తే మా ఊర్లో కూడా పెట్టండి," అని అడిగితే, తాత ఆ పని దస్తగిరికే అప్పజెప్పాడు. "నువ్వు పోయి చూసి చెప్పు."

దస్తగిరి ఊరూరూ తిరిగాడు. కలకండ తిన్న పిల్లలుండే ఇళ్లకు పోయి కూర్చున్నాడు. చాలామందికి మాటలొచ్చాయి. కొందరయితే వద్దన్నా ఆపడం లేదు. తిరిగొచ్చి, "పనిచేస్తాంది తాతా," అన్నాడు.

"ఎట్ల పనిచేస్తాది?"

"ఎట్లయితే ఏముంది తాతా. చేస్తాందే."

తాత నవ్వి, ఒక మూట కలకండ చేతికిచ్చాడు. "అట్లయితే కొంచబో."

ఏటి అవతల ఊర్లో దస్తగిరి తల్లుల మీద జాలిపడ్డాడు. పొద్దున్నే లేచి, పిల్లల్ని చంకనేసుకుని, ఇంత దూరం నడిచి రావడం ఎందుకని, తానే ఇల్లిల్లూ తిరిగి నాలుక మీద కలకండ పెట్టి వచ్చాడు. పిల్లలు చప్పరించారు. ఇంకా కావాలని చెయ్యి చాపారు. దస్తగిరి కనపడితే చాలు వెంటపడటం నేర్చారు. మాట మాత్రం రాలేదు.

అదీ సంగతి. ఇప్పుడు గుట్ట మీద నిలబడి, "కలకండ ఇదే తాతా. నాలుకలూ నాలుకలే. నా చెయ్యే మంచిది కాదేమో," అంటున్నాడు. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తాత మేకపిల్లను వదిలాడు. అది కుంటుకుంటూ పోయింది.

"రేపు పొద్దున బండమలుపు కాడ కూర్చో," అన్నాడు.

"ఏం చూడల్ల తాతా?"

"కండ్లు మూసుకుని కూర్చో."

*

కార్తీకం పొద్దులు. గుట్ట చుట్టూ మంచు పట్టి, కింద ఊళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. బండమలుపు దగ్గర చల్లటి రాతి మీద దస్తగిరి కంబడి కప్పుకుని కళ్లు మూసుకున్నాడు. ఎక్కడో సీతాఫలాలు మాగిన వాసన. నిద్రా కాదు, మెలకువా కాదు. తాను రాయి మీద కూర్చున్నాడా, మంచులో తేలుతున్నాడా అన్నది కూడా కాసేపటికి మరిచిపోయాడు.

అప్పుడు కింది నుంచి మాటలు రావడం మొదలయింది. మనుషులు లేరు. ఉత్త మాటలు.

"అదో తొండ. సూడు, తల ఎట్ల ఊపుతాందో. మీ నాయన మాదిరే, అన్నిటికీ ఊ అంటాది."

"ఇది తంగేడు. తం-గే-డు. పచ్చగుంది కదా. మీ అవ్వ కోక ఇదే రంగు."

"చీమలు నాయనా చీమలు. తొక్కద్దు. వాటికీ అమ్మలుంటారు."

మాటలు దగ్గరికొచ్చి, పక్క నుంచి పోయి, పైన మంచులో కలిసిపోయాయి. వాటి వెనకే ఇంకొన్ని. ఒక తల్లి రాయికి పేరు చెప్పింది. ఒక తల్లి గాలికి పేరు చెప్పింది. ఇంకో తల్లి చెప్పడానికి ఏమీ దొరక్క, రాత్రి తనకు వచ్చిన కల చెబుతూ ఎక్కింది. ఆ కలలో గుట్ట మొత్తం బొరుగుల కుప్పయిందట. ఆ మాటల మధ్యలో ఒక చోట, చిన్న గొంతు ఒకటి, నీళ్లలో బుడగ పైకొచ్చినట్టు, "తొంద," అంది.

దస్తగిరి కళ్లు తెరిచాడు. కంబడి అక్కడే పడేసి పైకి పరుగెత్తాడు.

"తాతా, కలకండ కాదు. ఆ మాటలు. ఇంట్లో పనుల్లో పడి తల్లి పిల్లతో రెండు మాటలు మాట్లాడటానికి తీరదు. ఈ గుట్ట మాట్లాడిస్తాంది. కలకండ ఉత్త ఆశ చూపించడానికే. నేను ఏటి అవతల మాటల్ని వదిలేసి ఆశను మాత్రం మోసుకపోయినా."

"అట్లనా," అన్నాడు తాత. అని, ఒక కలకండ ముక్క తీసి దస్తగిరి నోట్లో పెట్టాడు.

*

ఇంక చూడాలి దస్తగిరిని. కాలు నేల మీద నిలవలేదు. ఏటి అవతల ఊరివాళ్లకు ఏటి గట్టు వెంట నడిచే దారి ఒకటి పెట్టాడు. తల్లులు మాట్లాడుతూ నడిచారు. కొన్నాళ్లకు అక్కడి పిల్లలు కూడా ఒక్కరొక్కరే నోరు విప్పారు. ఆ సంతోషం ఎవరికయినా ఉంటుంది, కాదనను. కానీ ఆ తర్వాత దస్తగిరి గుట్ట మొదట్లో ఒక రాయి వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి తల్లికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా గట్టిగా మాట్లాడు. ఇంకా ఎక్కువ మాట్లాడు. ఈ మాట ఇట్లా కాదు, అట్లా చెప్పు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు తయారయ్యాడు.

అప్పుడు వచ్చింది సుంకమ్మ, కూతురు కుళ్లాయమ్మను వెంటబెట్టుకుని.

పిల్ల అయిదేళ్లది. మంచి చురుకైన కళ్లు. నోట మాట లేదు. మూగపిల్ల పుట్టిందని సుంకమ్మ మొగుడు ఇంటికి రావడం తగ్గించేశాడు. సుంకమ్మకు దాని గురించి పెద్ద చింత లేదు. ఆమె చింత వేరే.

"నేనుండే వరకూ ఏమీ లేదు సామీ," అంది దస్తగిరితో. "నేను పోయినాక? దానికి ఆకలయితే ఎవురికి తెలుస్తాది? కడుపులో నొప్పొస్తే ఎవురికి చెప్పుకుంటాది? నన్ను అమ్మా అని పిలవకపోయినా పర్వాలేదు. లోకంలో ఎవురో ఒకరితో దాని బాధ అది చెప్పుకుంటే చాలు."

"చెవులు బాగుండాయా?" అని అడిగాడు దస్తగిరి. హకీము దగ్గర చదువుకున్నవాడు కదా, అడగవలసింది అడిగాడు.

"బాగుండాయి సామీ. రోకటి పోటు పడితే యాడున్నా తిరిగి చూస్తాది. పీర్ల పండక్కి డప్పులు కొడితే ఎగురుతాది."

దస్తగిరికి అది చాలింది.

అంతలో కుళ్లాయమ్మ తల్లి కొంగు లాగి, దోసిలి నోటి దగ్గర పెట్టి చూపించింది. సుంకమ్మ చెంబులో నీళ్లివ్వబోయింది. దస్తగిరి ఆపాడు.

"ఇదే తప్పు. చెయ్యి చూపిస్తే నీళ్లొస్తాంటే నోరెందుకు తెరుస్తాది? నోటితో అడిగితేనే ఇయ్యి. నువ్వు గూడా చేతులు ఆడియ్యద్దు. ఉత్త మాటే."

సుంకమ్మ చెంబు వెనక్కి తీసుకుంది. పిల్ల ఇంకోసారి దోసిలి పట్టింది. తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. గుట్టెక్కేదాకా ఆ పిల్ల చెంబు వైపే చూస్తూ నడిచింది. తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ దస్తగిరి మీద కోపమే.

రోజూ వచ్చింది సుంకమ్మ. దారి పొడుగునా మాట్లాడింది. తొండ, తంగేడు, చీమ, రాయి. చెప్పిందే మళ్లీ చెప్పింది. ఇంట్లో పొయ్యి ముందర మాట్లాడింది, పిల్ల నిద్రపోతుంటే కూడా మాట్లాడింది. తనతో పాటు వచ్చిన తల్లులు ఒక్కొక్కరే మానేశారు, వాళ్ల పిల్లలకు మాటలొచ్చాయి మరి. కుళ్లాయమ్మకు రాలేదు. పైగా సైగలు చెయ్యడం కూడా మానేసింది. నీళ్లు కావాలని చెయ్యి చాపడం లేదు. నవ్వడం లేదు. తల్లి కొంగు పట్టుకుని, కల్లో నడుస్తున్నదానిలా వస్తోంది, పోతోంది.

చివరికి ఒక పొద్దున, కొట్టం ముందర, దస్తగిరి సుంకమ్మను నిలదీశాడు.

"నువ్వు దారిలో నా ముందర మాట్లాడి, ఇంటికి పోయి నోరు మూసుకుంటాండావు. లేకపోతే ఎందుకు రాదు? అందరికీ వచ్చిందే. ఏటి అవతల గూడా వచ్చిందే."

సుంకమ్మ జవాబు చెప్పబోయింది. గొంతు రాలేదు. గరగరమని గాలి మాత్రం వచ్చింది. గొంతు పట్టుకుని, నేల మీద చతికిలబడి ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా శబ్దం లేదు.

దస్తగిరి బిత్తరపోయాడు. తప్పు ఎవరిదో తెలియలేదు, ఎవరిదో ఉండితీరాలి మరి.

కాశీం తాత లోపలి నుంచి వచ్చాడు. చేతిలో తేనెమైనం, దూది ఉన్నాయి. దూదిని మైనంలో పిసికి రెండు ఉండలు చేశాడు. దస్తగిరి తల పట్టుకుని, ఒక చెవిలో ఒకటి, ఇంకో చెవిలో ఒకటి కూరాడు. సుంకమ్మకు మెత్తగా ఏదో చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. కిందికి దిగి మళ్లీ ఎక్కి రండని ముగ్గురికీ దారి చూపించాడు.

*

లోకం ఒక్కసారిగా దూరం జరిగింది.

దస్తగిరికి తన అడుగుల చప్పుడు వినపడలేదు. మంచు అలాగే ఉంది, చెట్లు అలాగే ఉన్నాయి, కానీ అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టున్నాయి. కింది దాకా దిగారు. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. సుంకమ్మ ముందు, పిల్ల వెనక, పిల్ల వెనక దస్తగిరి.

సుంకమ్మ వీపు కనపడుతోంది. కొప్పు అప్పుడప్పుడూ అటూ ఇటూ కదులుతోంది. మాట్లాడుతోందా, తల దులుపుతోందా? ఒకసారి వెనక్కి తిరిగింది. పెదాలు ఆడాయి. తొండ గురించా, తన గురించా, దేవుడి గురించా, దస్తగిరికి తెలియలేదు. మళ్లీ తిరిగి నడిచింది. మళ్లీ వీపు.

ఎంత సేపు చూస్తాడు ఆ వీపును? దస్తగిరి చూపు జారి, పిల్ల మీద పడింది. పిల్ల ఎటు చూస్తే అటు చూడటం మొదలుపెట్టాడు. కుళ్లాయమ్మ సాలెగూటి మీద మంచుబొట్లు చూస్తోంది. తల్లి కాళ్లు ఆగితే తానూ ఆగుతోంది, కదిలితే కదులుతోంది. బండ మీద వట్టి పాదం ఆనించి ఒక క్షణం నిలబడి, ఉన్నట్టుండి దారి పక్కకు తప్పుకుంది. ఎందుకో దస్తగిరికి తెలియలేదు. తెలిసేలోపు మలుపు తిరిగి గొర్రెల మంద మీదికొచ్చింది. గంటలు కట్టిన పొట్టేలు అతని మోకాలికి తగిలి పోయింది. ఆ గంటలు అతనికి వినపడలేదు. పాప మాత్రం ముందే తప్పుకుంది.

మంద పోయింది. దస్తగిరి అక్కడే నిలబడ్డాడు. చెప్పులు లేని తన పాదాల వైపు చూసుకున్నాడు. రోకటి పోటు. పీర్ల డప్పులు. రెండింటికీ నేల అదురుతుంది.

పైకి చేరాక అతను పిల్ల వెనక నిలబడి, "కుళ్లాయమ్మా," అని పిలిచాడు. తన గొంతు తనకే వినపడలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. తాత తిరిగి చూశాడు. సుంకమ్మ ఉలిక్కిపడి తిరిగింది. పిల్ల తిరగలేదు. సాలెగూడు గుర్తొచ్చిందేమో, వేలితో గాల్లో ఏదో గీస్తోంది.

దస్తగిరి కాలెత్తి బండ మీద ఒక్క తన్ను తన్నాడు. పిల్ల చటుక్కున తిరిగి అతని ముఖంలోకి చూసింది.

సుంకమ్మ అంతా చూసింది. ఆమె ముఖంలోంచి రక్తం దిగిపోవడం దస్తగిరి చూశాడు. చెవుల్లోంచి మైనం పీకేసుకున్నాడు. గాలి, మేకలు, ఆకులు అన్నీ ఒక్కసారి చెవుల్లో పడ్డాయి. వాటి మధ్య, అరిగిపోయిన గొంతు.

"ఐతే ఇన్నేండ్లూ నేను ఎవురితో మాట్లాడినట్టు తాతా?"

దస్తగిరి ఆమె ముందుకొచ్చాడు.

"తప్పు నాది సుంకమ్మా. దానికుండే ఒక్క నోరూ నేనే మూయించినా." అంటూ తన రెండు చేతులూ పైకెత్తాడు. "చేతులు. చేతులతో చెప్పు."

సుంకమ్మకు చేతులు లేవడం లేదు. ఇన్నాళ్లూ కట్టేసుకున్న చేతులు కదా. కాసేపటికి, మెల్లగా, చెంబు తీసి పక్కన పెట్టింది. దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకుని, కావాలా అన్నట్టు చూసింది.

పిల్ల నమ్మలేదు. తల్లిని చూసింది, చెంబును చూసింది, దస్తగిరిని చూసింది. దస్తగిరి తల వంచుకున్నాడు. అప్పుడు పిల్ల దోసిలి పట్టింది. సుంకమ్మ వొంపింది. పిల్ల గటగటా తాగింది.

తాగి, మూతి తుడుచుకుని, కొట్టం చూరు మీది కాకిని చూపించి రెండు చేతులూ ఆడించింది. మేకను చూపించి తల మీద వేళ్లు నిలబెట్టింది. తాతను చూపించి గడ్డం దువ్వుకుంది. ఆపడం లేదు. ఎన్నాళ్ల నుంచి దాచుకుందో, ఒకదాని వెనక ఒకటి చూపిస్తూనే ఉంది. తాత గడ్డం దువ్వుకుని, "అవును, నేనే," అన్నట్టు తలూపాడు.

చివరికి పిల్ల తల్లి ముందరికొచ్చి నిలబడింది. తన ముక్కు పక్కన చూపుడువేలు ఆనించి, అలాగే ఉంచి, తల్లి కళ్లలోకి చూసింది.

సుంకమ్మకు అర్థం కాలేదు. "ఏందమ్మా, దురద పెడ్తాందా?" అంది.

పిల్ల వేలు తియ్యలేదు. ఇంకో చేత్తో తల్లి ముక్కుపుడక తాకింది. మళ్లీ తన ముక్కు పక్కన వేలు ఆనించింది.

"నిన్ను పిలుస్తాంది సుంకమ్మా," అన్నాడు తాత.

సుంకమ్మ పిల్లను రెండు చేతులా లాక్కుని గుండెకు అదుముకుంది. ఆ వేలు అలాగే నలిగిపోయింది ఇద్దరి మధ్యా.

మంచు విడిచి, కింద ఊళ్లు ఒకటొకటిగా కనపడుతున్నాయి. ఎండ కొట్టం ముందరికి వచ్చింది. దస్తగిరి తాత దగ్గరికి పోయాడు.

"కలకండ అనుకుంటి, కాదు. మాట అనుకుంటి, ఈ పిల్లకు అదీ కాదు. ఇప్పుడు చెయ్యి అంటే, రేపు ఇంకొకరికి అది గూడా కాదేమో," అన్నాడు. "నువ్వన్నా చెప్పు తాతా. ఈ గుట్ట మీద పనిచేసేది ఏంది?"

తాత కుళ్లాయమ్మ వైపు చూపించాడు. "పోయి ఆ పాపనడుగు."

దస్తగిరి పాప దగ్గరికి పోయాడు. అడగడానికి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, ఆమె ముందర నేల మీద కూర్చున్నాడు.